కామందు దూరాన - కౌలు పెంచేదెవరు?

అమలాపురం: దాళ్వా కోతలు ముగిసి కాల్వలు కట్టివేసే రోజులు వచ్చాయంటే కోనసీమ పల్లెల్లో కౌలు మాటలు మొదలవుతాయి. మళ్లీ కాల్వలకు నీరు వదిలేలోగా ఎవరి చేను ఎవరికి, ఎన్ని బస్తాలకు అన్నది తేలిపోవాలి. ఒకప్పుడు ఈ మాటలు కామందు అరుగు మీద జరిగేవి. ఇచ్చేవాడూ, పుచ్చుకునేవాడూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకునేవారు. మాటా మాటా వచ్చినా సాయంత్రానికి తేలిపోయేది.

ఇప్పుడు చాలా వూళ్లలో ఆ అరుగు ఖాళీగా వున్నది. కామందు పిల్లల దగ్గర హైదరాబాదులోనో, బెంగుళూరులోనో వుంటున్నాడు. పెద్దాయన పోయిన ఇళ్లలో భూమి అమెరికాలో వున్న కొడుకు పేరుకో, కూతురు పేరుకో మారింది. చేను మాత్రం ఇక్కడే వున్నది. ఆ చేనికీ, కామందుకూ నడుమ ఒక మూడో మనిషి వచ్చాడు. కౌలు పెంపు కబురు ఇప్పుడు ఆయన నోట వస్తున్నది. పెంపు వల్ల కలిగే కష్టం ఒక ఎత్తు. ఆ కబురు ఎవరిది, ఎప్పుడు వస్తుంది, దానికి బదులు ఎవరికి చెప్పుకోవాలి అన్నది తెలియకపోవడం వల్ల కలిగే కష్టం మరో ఎత్తు.

ఎవరీ మూడో మనిషి?

కొన్నిచోట్ల ఆయన కామందుకు బావమరిదో, పెత్తండ్రి కొడుకో అయివుంటాడు. కొన్నిచోట్ల పొరుగు చేను రైతు. మరికొన్నిచోట్ల రిటైరైన ఉద్యోగి. ధాన్యం కమీషను వ్యాపారి, ఎరువుల కొట్టు యజమాని కూడా ఈ పని చూస్తున్న వూళ్లు వున్నాయి. కౌలుదారును కుదర్చడం, కౌలు వసూలు చేయడం, ధాన్యం అమ్మి డబ్బు కామందు ఖాతాలో వేయడం, పన్నులు కట్టడం, గట్ల తగాదాలు చూడటం ఆయన పని. బంధుత్వం కొద్దీ ఉచితంగా చూసేవారు వున్నారు. ఎకరాకు ఇంత అని పుచ్చుకునేవారూ వున్నారు. ఏమీ పుచ్చుకోనట్లు వుంటూ కౌలులోనే తన వాటా కలుపుకునేవారు కూడా లేకపోలేదు.

ఈ ఏర్పాటు మన జిల్లాలకు కొత్తది కాదు. పిఠాపురం వంటి జమీందారీలు వున్న కాలంలో దివాను, ఠాణేదారు, గుమాస్తా అంటూ వరుసగా మనుషులు వుండేవారు. రైతుకూ జమీందారుకూ నడుమ వీరే. 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. వాటితో పాటు ఆ కచేరీలూ పోయాయి. అయితే ఆ నాటి గుమాస్తాకు జీతం వుండేది, దఫ్తరు వుండేది. రాసిన లెక్క వుండేది. ఈ నాటి మధ్యవర్తికి సెల్‌ఫోను ఒక్కటే వున్నది. ఆ ఫోనులో కామందుతో ఏం మాట్లాడిందీ కౌలుదారుకు తెలియదు. కౌలుదారుతో ఏం మాట్లాడిందీ కామందుకు తెలియదు.

మధ్యవర్తులందరూ చెడ్డవారని చెప్పడం న్యాయం కాదు. నీళ్లు అందనప్పుడు రాత్రివేళ తూము దగ్గరికి వెళ్లి కౌలుదారు తరఫున మాట్లాడేవారు వున్నారు. తుఫానుకు చేను పడిపోతే ఫొటోలు తీసి కామందుకు పంపి, కౌలు తగ్గించమని తామే అడిగినవారూ వున్నారు. అయితే ఏర్పాటు మంచిదా చెడ్డదా అన్నది ఆ ఒక్క మనిషి మంచితనం మీదనే ఆధారపడి వుండటం ప్రమాదకరం. ఆయన మారిన రోజున అన్నీ తలకిందులవుతాయి.

నారు పోశాక వచ్చే కబురు

కౌలు పెంచే హక్కు కామందుకు లేదని ఎవరూ అనడం లేదు. భూమి విలువ పెరిగింది. పక్క చేను వాడు ఎక్కువ ఇస్తానంటున్నాడు. రొయ్యల చెరువుకు అడిగేవారు ఇంకా ఎక్కువ ఇస్తామంటున్నారు. దూరాన వున్న కామందు చెవిన ఈ మాటలన్నీ పడుతూనే వుంటాయి. ఆయన పెంచాలనుకోవడం సహజం.

చిక్కు వేళ దగ్గర వస్తున్నది. పెంపు కబురు వేసవిలో వస్తే కౌలుదారు ఆలోచించుకోగలడు. గిట్టకపోతే వదులుకుని మరో చేను చూసుకోగలడు. కాని చాలాచోట్ల ఆ కబురు విత్తనాలు కొని, నారుమడి పోసి, దమ్ముకు ట్రాక్టరు మాట్లాడుకున్నాక వస్తున్నది. ‘అబ్బాయిగారు ఈ ఏడు ఎకరాకు రెండు బస్తాలు ఎక్కువ రావాలన్నారయ్యా’ అని మధ్యవర్తి అంటే, అప్పటికే పెట్టుబడి దిగిన కౌలుదారు కాదనలేడు. కాదంటే నారు పోతుంది, ట్రాక్టరు బయానా పోతుంది. ఆ వేళకు వేరే చేనూ దొరకదు. బేరమాడే బలం పూర్తిగా పోయాక జరిగేది బేరం కాదు.

పైగా ఆ రెండు బస్తాలు నిజంగా కామందు అడిగాడా అన్న అనుమానం మిగిలిపోతున్నది. కౌలుదారు నేరుగా ఫోను చేస్తే మధ్యవర్తికి కోపం. ‘నన్ను నమ్మక ఆయనకే చేశావా’ అన్న నిష్ఠూరం. వచ్చే ఏడాది చేను దక్కదేమోనన్న భయం. అందుకని ఎవరూ అడగరు. కామందు ఒక బస్తా అడిగితే కౌలుదారుకు రెండని చెప్పిన ఉదంతాలు వున్నాయని వూళ్లలో చెప్పుకుంటారు. అది నిజమైనా కాకపోయినా, అనుమానం పుట్టిన చోట చేను బాగుపడదు. రేపు వుంటానో లేదో తెలియని కౌలుదారు గట్టు వేయడు, పశువుల ఎరువు తోలడు. పైరుకు యూరియా చల్లి ఈ పంట గట్టెక్కితే చాలనుకుంటాడు. నష్టం చివరికి భూమికే, అంటే కామందుకే.

బస్తా లెక్కలో దాగిన పెంపు

పెంపు గురించి మాట్లాడేటప్పుడు ఇరు పక్షాలూ సాధారణంగా మరచిపోయే లెక్క ఒకటి వున్నది. మన ప్రాంతంలో కౌలు ఎక్కువగా ధాన్యం బస్తాల్లో మాట్లాడుకుంటారు. బస్తా అంటే 75 కిలోలు. లెక్క కోసం ఒక ఎకరాకు ఏడాదికి 20 బస్తాల కౌలు అనుకుందాం. అంటే 15 క్వింటాళ్లు. 2020-21లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,868 రూపాయలు. ఆ లెక్కన ఆ కౌలు విలువ 28,020 రూపాయలు. 2025-26లో మద్దతు ధర 2,369 రూపాయలు. అదే 20 బస్తాల విలువ 35,535 రూపాయలు అయింది. ఒక్క బస్తా పెంచకుండానే అయిదేళ్లలో కామందుకు ఎకరాకు 7,515 రూపాయలు పెరిగింది.

బస్తాల్లో కౌలు తీసుకునే కామందుకు ధర పెరిగినప్పుడల్లా కౌలు తనంతట తానే పెరుగుతున్నదన్న మాట. దాని మీద మళ్లీ బస్తాలు పెంచడమంటే రెండు పెంపులు. దూరాన వున్న కామందుకు ఈ సంగతి చెప్పేవారు లేరు. ఆయన ఖాతాలో పడేది రూపాయలు కాబట్టి, పక్కవాడు 22 బస్తాలు తీసుకుంటున్నాడన్న మాట ఒక్కటే ఆయనకు గుర్తుంటుంది.

డబ్బు రూపంలో కౌలు తీసుకునే చోట లెక్క వేరు. అయిదేళ్ల క్రితం మాట్లాడుకున్న మొత్తమే ఇప్పటికీ నడుస్తుంటే కామందు నష్టపోతున్నట్లే. అక్కడ పెంపు అడగడంలో న్యాయం వున్నది. కాబట్టి పెంపు కబురు వచ్చినప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ‘ఎంత’ అన్నది కాదు. ‘దేని మీద’ అన్నది.

కౌలుదారు వైపు లెక్క కూడా చూడాలి. నాలుగెకరాలు చేసేవాడికి ఎకరాకు రెండు బస్తాల పెంపు అంటే 8 బస్తాలు, ఆరు క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర ప్రకారం 14,214 రూపాయలు. కళ్లంలో తేమ పేరు చెప్పి వ్యాపారి తగ్గించిన ధరకు అమ్ముకున్నవాడికి ఆ డబ్బు తేవడానికి ఇంకా ఎక్కువ ధాన్యం పోతుంది. కోత యంత్రం కిరాయి, కూలి, పురుగుమందుల ఖర్చు అతనివే. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక సార్వా పంటకు విరామం ప్రకటించి దేశం దృష్టిని ఆకర్షించారు. గిట్టనప్పుడు చేను బీడు పడుతుందని ఆ ఏడాది అందరికీ తెలిసివచ్చింది. బీడు పడిన చేనికి కౌలు రాదు.

ఇటు నుంచి అందని కబుర్లు

పై నుంచి కిందికి వచ్చే కబురు ఆలస్యమవుతుంటే, కింది నుంచి పైకి పోవలసిన కబురు అసలు పోవడమే లేదు. మురుగు కాల్వ పూడి చేలో నీరు నిలిచిపోతున్నది. పక్కన రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీరు పెట్టడంతో చేను చౌడుబారుతున్నది. బోదె గట్టు తెగింది. ఇవన్నీ భూమికి సంబంధించిన విషయాలు. బాగు చేయించవలసింది, అధికారులకు అర్జీ పెట్టవలసింది భూమి గలవాడు. కాని ఆయనకు ఈ సంగతి తెలియదు. కౌలుదారు మధ్యవర్తికి చెబుతాడు. మధ్యవర్తి ‘చెబుతాలే’ అంటాడు. ఏడాది గడిచిపోతుంది.

పంట నష్టం మాట మరీ ముఖ్యం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను, 2025 అక్టోబరు చివరలో మొంథా తుఫాను కోస్తాలో కోతకు వచ్చే వరి చేలను దెబ్బతీశాయి. ఇటువంటి ఏడాది కౌలులో ఎంత తగ్గించాలి? ముందుగా అనుకున్నవారు తక్కువ. పంట పోయాక తగ్గించమని అడిగితే, ఆ మాట కామందు దాకా పోయిందో లేదో తెలియకుండానే ‘ఆయన కుదరదన్నారు’ అన్న జవాబు వస్తున్నది. అటు కామందుకేమో ‘ఈ ఏడు పంట పోయింది, సగమే వచ్చింది’ అన్న కబురు వెళితే, ఇటు పూర్తి కౌలు వసూలైతే, మధ్యన మిగిలిందెక్కడ? ఇది అందరూ చేస్తున్నారని కాదు. చేస్తే పట్టుకునే మార్గం ఇద్దరికీ లేదన్నదే అసలు విషయం.

సంతకం దగ్గర చిక్కు

కౌలుదారుకు ప్రభుత్వ సాయం అందాలంటే కాగితం కావాలి. కాగితం మీద సంతకం కావాలి. ఆ సంతకం దూరాన వున్నది.

కౌలు కాగితం మీద వుండాలన్న మాట పాతదే. 1956లో ఆంధ్ర ప్రాంతానికి వచ్చిన కౌలు చట్టం రాతపూర్వకమైన కౌలు, కనీసం 6 ఏళ్ల గడువు వుండాలన్నది. కౌలుకు పరిమితి కూడా పెట్టింది. కాని కాగితం రాస్తే భూమి పోతుందన్న భయంతో కామందులు నోటి మాటకే పరిమితమయ్యారు. ఆ భయం తరాలు మారినా పోలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మరో చట్టం వచ్చి కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. దీని ప్రకారం కామందు, కౌలుదారు 11 నెలల ఒప్పందం మీద సంతకాలు చేస్తే సాగుదారుకు హక్కు పత్రం ఇస్తారు. వూళ్లలో దీన్నే కౌలు కార్డు అంటున్నారు. పంట రుణం, బీమా, నష్టపరిహారం వంటివి పంట వరకు కౌలుదారుకు అందేందుకే ఈ పత్రం. భూమి మీద కామందు హక్కుకు దీనివల్ల భంగం లేదని ఆ చట్టమే చెబుతున్నది.

ఈ మాట కామందుకు ఎవరు చెప్పాలి? మధ్యవర్తి చెప్పాలి. చెప్పడం లేదు. చెప్పినా ‘ఎందుకొచ్చిన గొడవ, సంతకం పెట్టకండి’ అని సలహా ఇచ్చేవారే ఎక్కువని కౌలుదారులు వాపోతున్నారు. సంతకం పెట్టే అధికారం మధ్యవర్తికి లేదు. వుండాలంటే కామందు ముక్త్యారునామా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, రాసివ్వాలి. విదేశంలో వున్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. ఇంత శ్రమ ఎందుకులే అని వదిలేస్తున్నారు.

ఫలితం ఏమంటే, చేలో దిగినవాడు ఒకరు, కాగితంలో రైతు మరొకరు. 2019లో మొదలైన కేంద్ర పీఎం-కిసాన్ పథకం భూమి పేరున వున్న రైతు కుటుంబానికే గాని సొంత భూమి లేని కౌలుదారుకు వర్తించదు. ఈ-పంట నమోదులో కూడా కామందు పేరే ఎక్కితే నష్టపరిహారం, ధాన్యం డబ్బు కామందు ఖాతాకే పోతాయి. అక్కడి నుంచి అవి మళ్లీ మధ్యవర్తి చేతి మీదుగా రావాలి. కౌలు పెంచుతూ కార్డుకు సంతకం ఇవ్వకపోవడమంటే రెండు వైపులా కౌలుదారు మీదనే భారం వేయడం.

పాత చట్టంలో పనికివచ్చే మాటలు

ఒకరి తరఫున మరొకరు వ్యవహారం నడపడం గురించి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం స్పష్టంగా చెప్పిన నియమాలు వున్నాయి. ఇవి కోర్టు పక్షులకే తప్ప పల్లెల్లో తెలిసినవారు తక్కువ. మూడు మాటలు తెలిసి వుంటే చాలు.

ఒకటి: వసూలు చేసే అధికారం వున్న మనిషికి చెల్లించిన కౌలు, యజమానికి చెల్లించినట్లే. ఆయన తరవాత కామందుకు పంపాడా లేదా అన్నది వారిద్దరి మధ్య విషయం. అయితే అధికారం వున్నదని, చెల్లించామని రుజువు వుండాలి. రశీదు లేని చోట ఈ నియమం ఆదుకోదు.

రెండు: తరఫు మనిషి యజమాని అడిగినప్పుడు లెక్క చెప్పి తీరాలి. యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలో సొంతానికి లాభం చేసుకుంటే ఆ లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చు. కామందులు తమకు ఈ హక్కు వున్నదని గుర్తుంచుకోవాలి. బంధువును లెక్క అడగడం మొహమాటమనుకుంటే రేపు బంధుత్వమూ మిగలదు.

మూడు: కామందు తన మధ్యవర్తిని మార్చినప్పుడు, ఆ సంగతి కౌలుదారుకు తెలిసిన నాటి నుంచే మార్పు కౌలుదారు విషయంలో చెల్లుతుంది. తెలియక పాత మనిషికి కౌలు కట్టినవాడిని మళ్లీ కట్టమనడం న్యాయం కాదు. కాబట్టి మార్చినప్పుడు కామందే స్వయంగా తెలియజేయాలి. కొత్త మనిషి వచ్చి ‘ఇక నుంచి నాకే ఇవ్వాలి’ అంటే, కామందు నోటనే ఆ మాట వినేదాకా కౌలుదారు ఆగడంలో తప్పులేదు.

ఖర్చు లేని ఏర్పాట్లు

ఈ చిక్కులు తీరడానికి కొత్త చట్టాల కోసం కాచుకుని వుండనవసరం లేదు. కామందు, మధ్యవర్తి, కౌలుదారు ముగ్గురూ ఒప్పుకుంటే ఒక్క కాగితంతో చాలావరకు తీరుతాయి.

కౌలు పెంపు వుంటే ఉగాదిలోగా చెప్పాలని, ఆ తరవాత చెప్పిన పెంపు ఆ ఏటికి చెల్లదని ముందే అనుకోవాలి. పెంపు మాట కామందు స్వయంగా చెప్పాలి. ఆయన రాలేకపోతే మధ్యవర్తి ఎదుటనే ముగ్గురూ ఒకే ఫోనులో మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు పల్లెల్లో కూడా అందరి చేతుల్లో వున్న వాట్సాప్‌లో నాలుగు మాటలు రాసి పంపినా రేపటికి ఆధారంగా వుంటుంది. నేరుగా మాట్లాడినంత మాత్రాన మధ్యవర్తి చిన్నబుచ్చుకోనక్కరలేదు. పైగా ఆయన మీద పడే అపనింద తప్పుతుంది.

మధ్యవర్తికి ఇచ్చేది ఎంతో కామందు ఇవ్వాలి, అది కౌలులో కలిసి రాకూడదు. కౌలు కట్టిన ప్రతిసారీ తేదీ, బస్తాలు లేక రూపాయలు రాసి సంతకం పెట్టిన రశీదు వుండాలి. వీలయినచోట డబ్బు నేరుగా కామందు ఖాతాలో వేయడం మంచిది. పంట మూడో వంతు పోతే కౌలు ఎంత, సగం పోతే ఎంత అన్నది నారు పోయకముందే రాసుకోవాలి. మురుగు, గట్టు, ఉప్పునీటి సంగతులు కౌలుదారు చెప్పిన వారం లోగా కామందుకు చేరవేయడం మధ్యవర్తి బాధ్యతగా వుండాలి. పెంపు అడిగే కామందు కౌలు కార్డు ఒప్పందం మీద సంతకం కూడా పెట్టాలని కౌలుదారు అడగడంలో తప్పులేదు.

ఏడాదికోసారి కామందు వచ్చి చేను గట్టు మీద నిలబడితే ఇంకా మంచిది. సంక్రాంతికి ఎలాగూ వస్తున్నారు. అత్తవారింట్లో మూడు రోజులు, కోడిపందేల బరి దగ్గర ఒక రోజు గడిపేవారు చేను దగ్గర ఒక గంట గడపలేరా?

అధికారులు చేయవలసినదీ వున్నది. కౌలు కార్డుల కోసం గ్రామసభలు పెడుతున్నారు గాని, ఆ సభలకు వచ్చేది కౌలుదారులే. సంతకం పెట్టవలసినవారు రారు. వూళ్లో లేని కామందుల పేర్లు, ఫోను నంబర్లు రెవెన్యూ సిబ్బందికి తెలియనివి కావు. కాల్వలకు నీరు వదిలేలోగా ఆ కామందులకు ఫోను చేసి, సంతకం వల్ల భూమి పోదని ఒక్క మాట ప్రభుత్వం తరఫున చెబితే, పదేళ్ల నోటీసు బోర్డులు చేయలేని పని జరుగుతుంది. సార్వా నారు పోసే వేళకు కౌలుదారు చేతిలో ఒక కాగితం వుంటే, పెంపు ఎంతయినా ఆలోచించి ఒప్పుకున్న పెంపే అవుతుంది.